ముద్ద దిగని మనిషికి గ్యాస్ మాత్ర

"చాలా ఆలస్యంగా తీసుకొచ్చారమ్మా." విజయవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా, కడుపులో క్యాన్సర్ అని తేలిన రోజున రోగి బంధువులు వినే మొదటి మాటల్లో ఇది ఒకటి. కెమెరా ఉన్న గొట్టం దించి కడుపు లోపలిది చూసే ఎండోస్కోపీ గదిలో నర్సుగా చాలా ఏళ్లు పనిచేసినందువల్ల ఆ మాట అన్న వైద్యుల ముఖాలూ, విన్న బంధువుల ముఖాలూ నాకు బాగా తెలుసు. అన్నవారిలో నిజమైన బాధ ఉంటుంది. విన్నవారు తప్పంతా తమదేనని నమ్మి తలదించుకుంటారు. అయితే పరీక్షకు ముందు రోగి వివరాలు రాసుకునే పని నాదే కాబట్టి, అంతకుముందు ఎక్కడెక్కడ తిరిగారో, ఏమేమి మందులు వాడారో నాకు చెప్పేవారు. ఆ వివరాలు విని విని నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, వాళ్లలో ఎక్కువమంది ఆలస్యంగా రాలేదు. నెలల ముందే ఎవరో ఒకరి గడప తొక్కారు, బాధ చెప్పుకున్నారు, మందు మింగారు, తగ్గలేదని మళ్లీ వెళ్లారు. జరిగిన ఆలస్యంలో పెద్ద వాటా వాళ్లు నోరు విప్పి చెప్పిన తరువాతే జరిగింది. మన ప్రాంతంలో ఈ క్యాన్సర్ల వల్ల పోతున్న ప్రాణాలను కాపాడుకోవాలంటే, రోగికి అవగాహన కల్పించే ర్యాలీల కన్నా ముందు, చెప్పిన రోగిని పరీక్షించకుండా మందిచ్చి పంపే అలవాటును సరిదిద్దుకోవాలి.

అన్నవాహిక, జీర్ణాశయం, పేగులు, పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం), కాలేయం, పిత్తాశయం, క్లోమం (ప్యాంక్రియాస్) వంటి అవయవాలకు వచ్చే క్యాన్సర్లన్నీ ఈ కోవలోకి వస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి 2020లో వెలువరించిన క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదిక, ఆ ఏడాది దేశంలో దాదాపు 13.9 లక్షల కొత్త కేసులు ఉంటాయని అంచనా వేసి, అందులో 2.7 లక్షలు, అంటే 19.7 శాతం, జీర్ణవ్యవస్థకు చెందినవని చెప్పింది. రొమ్ము క్యాన్సర్ వాటా 14.8 శాతం. అయినా ముప్పై ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం నిర్వహించే క్యాన్సర్ స్క్రీనింగులో (ముందస్తు పరీక్షల్లో) నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం మాత్రమే ఉన్నాయి. ఆ మూడింటినీ ఎంచుకోవడం సబబే, ఎందుకంటే అవి కంటితో చూడగలిగిన, చేతితో తడిమి తెలుసుకోగలిగిన చోట్లు, ఊళ్లోనే పరీక్షించవచ్చు. కడుపు లోపలిది చూడాలంటే గొట్టం దించాలి, దానికి యంత్రం కావాలి, చేయి తిరిగిన వైద్యుడు కావాలి. కనుక జీర్ణవ్యవస్థ విషయంలో మన దగ్గర ఉన్న మొదటి హెచ్చరిక రోగి నోటి మాటే. ఆ మాట విన్న మనిషి ఏం చేస్తాడన్న దాని మీదే మిగిలినదంతా ఆధారపడుతుంది.

మన వైపు కడుపు మంట అసలు జబ్బు లెక్కలోకి రాదు. మిరప పండే నేల, పచ్చడి లేనిదే భోజనం కాని ఇళ్లు. మంట అని ఎవరైనా అంటే "అంత కారం తింటే మండదా మరి" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. దీనివల్ల కుర్రతనం నుంచి అప్పుడప్పుడూ వచ్చిపోయే మంటా, యాభై ఐదేళ్ల వయసులో కొత్తగా మొదలై తగ్గకుండా ఉన్న మంటా ఒకే గాటన పడిపోతాయి. వైద్యుడు పట్టుకోవలసిన తేడా సరిగ్గా అదే. పైగా ఇక్కడ నిజంగా అనుమానించవలసిన కారణాలు వేరే ఉన్నాయి. దేశపు పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. చుట్టకూ బీడీకీ ఇక్కడి పల్లెల్లో తరాల అలవాటు ఉంది. అన్నవాహిక, జీర్ణాశయం, క్లోమం, ఈ మూడింటి క్యాన్సర్లకూ పొగాకుతో సంబంధం ఉందని తేలి చాలా కాలమైంది. ఉప్పులో ఊరబెట్టిన పదార్థాలు బాగా తినేవారికి జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. వీటన్నింటికన్నా పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో దీన్ని వెలుగులోకి తెచ్చారు. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఆ వైద్యులిద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. పరీక్ష చేసి, ఉందని తేలితే యాంటీబయాటిక్స్ కలిపి రెండు వారాల పాటు క్రమం తప్పకుండా వాడితే చాలామందిలో అది పోతుంది. ఉత్త గ్యాస్ మాత్రతో పోదు. ఎన్నేళ్లు వాడినా పోదు.

గ్యాస్ మాత్ర మీద నాకు ద్వేషం ఏమీ లేదు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి గొప్ప మందులు. ఒకప్పుడు కడుపు కోసి చేసిన పుండ్ల ఆపరేషన్లు ఇవాళ అరుదైపోయాయంటే అందులో వీటి పాత్ర పెద్దది. చట్టప్రకారం వైద్యుడి చీటీ ఉంటేనే ఇవ్వవలసిన ఈ మాత్రలు మన వీధుల్లో అడిగిన వెంటనే దొరుకుతాయి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆమ్లం తగ్గితే క్యాన్సర్ పుండుకు కూడా కొంతకాలం ఊరట దొరుకుతుంది. నొప్పి తగ్గుతుంది, పుండు పైపొర మానినట్టు కూడా కనిపించవచ్చు. అడుగున గడ్డ పెరుగుతూనే ఉంటుంది. రోగి "ఫరవాలేదు, తగ్గింది" అంటాడు, ఇచ్చినవాడు తన మందు పనిచేసిందనుకుంటాడు. అట్ట అయిపోయిన కొన్నాళ్లకు మంట మళ్లీ మొదలవుతుంది, ఇంకో అట్ట వస్తుంది. ఇద్దరిలో ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. అయినా నెలలు గడిచిపోతాయి.

మా మేనమామ గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గుమస్తాగా పనిచేసేవారు. లెక్కలు చూసుకునే మనిషి, దేనికీ తొందరపడి కంగారుపడే రకం కాదు. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చి, పప్పూ వేపుడూ అన్నీ పక్కన పెట్టి, మజ్జిగన్నమే పిసుక్కుని తినడం చూసి అడిగాను.

"ఏం మావయ్యా, పప్పు కలుపుకోరేం?"

"గొంతు దిగువన పట్టేసినట్టుంటుందమ్మాయ్. నీళ్లు తాగితే దిగిపోద్దిలే. గ్యాసంట, మాత్రలు వాడుతున్నాగా."

విచారిస్తే విషయం అప్పటికే పాతదని తెలిసింది. మొదట మాంసం ముక్క దగ్గర ఇబ్బంది వచ్చింది, మాంసం మానేశారు. తరువాత చపాతీ మానేశారు. అన్నం మెత్తగా వండించుకున్నారు, ఆపైన మజ్జిగ పోసి పలచన చేసుకున్నారు, రాత్రిపూట జావకు దిగారు. ప్రతి మార్పుతోనూ ఇబ్బంది కొంత సర్దుకున్నట్టు అనిపించింది. ఊళ్లో ఆర్ఎంపీకి మొదటి నెలలోనే చెప్పారు, ఆయన గ్యాస్ మాత్రలు ఇచ్చారు, బలానికి సెలైన్ పెట్టారు. తరువాత పట్నంలో ఒక వైద్యుడికి చూపిస్తే కడుపు స్కానింగ్ తీయించి, అంతా బాగానే ఉందని చెప్పి, మాత్రను మరింత ఖరీదైన మాత్రగా మార్చారు. ఇన్ని చోట్ల చెప్పిన మనిషిని అజాగ్రత్తపరుడని ఎవరూ అనలేరు.

ఇక్కడ శరీరం పనిచేసే తీరు గురించి ఒక సంగతి చెప్పాలి. అన్నవాహిక సాగే గుణమున్న గొట్టం. లోపలి దారి సగానికి సగం ఇరుకయ్యేవరకూ గట్టి ఆహారం ఆగదు. కాబట్టి ముద్ద పట్టేస్తోందని రోగి మొదటిసారి అన్న రోజుకే వ్యాధి చాలావరకు ముదిరి ఉండవచ్చు, ఎదురుచూసే వెసులుబాటు అప్పటికే లేదు. 2015 నాటి బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు అందుకే, మింగడం కష్టమైన రోగికి వయసుతో నిమిత్తం లేకుండా రెండు వారాల లోపు ఎండోస్కోపీ చేయాలన్నాయి. మన దగ్గర ఆ రెండు వారాలు తొలి అట్ట మాత్రలకే సరిపోతాయి. అన్నం జారుగా చేసుకుని తినడం మనవాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ఉపాయం కాబట్టి, గట్టి ఆహారం దిగకపోవడమనే స్పష్టమైన హెచ్చరిక ఇంట్లోవాళ్ల కంటికి కూడా ఆనదు. "ఈమధ్య ఆయన మితంగా తింటున్నారు" అని మా అత్తయ్య మెచ్చుకోలుగా చెప్పింది కూడా.

స్కానింగ్ గురించి కూడా గట్టిగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే దాని వల్ల జరిగే నష్టం నేను చాలామందిలో చూశాను. కడుపు మీద జెల్ రాసి తీసే అల్ట్రాసౌండ్ కాలేయాన్ని, పిత్తాశయంలోని రాళ్లను, మూత్రపిండాలను బాగా చూపిస్తుంది. గాలి నిండి ఉండే జీర్ణాశయం, పేగుల లోపలి పొరను అది నమ్మకంగా చూపించలేదు. ఛాతీలో ఉండే అన్నవాహిక సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా స్కానింగ్ చౌక, వెంటనే అవుతుంది, రిపోర్టు చేతికొస్తుంది. అందులో అన్నీ మామూలుగా ఉన్నాయని చదివిన తరువాత రోగికి ధైర్యం వస్తుంది, గొట్టం దించే పరీక్ష మాట ఎత్తితే "మొన్ననే స్కానింగ్ అయిందిగా" అంటాడు. చూడవలసిన చోటును చూడని పరీక్ష ఇచ్చే ధైర్యం, ఏ పరీక్షా లేకపోవడం కన్నా ప్రమాదం.

మావయ్యకు ఆ వారంలోనే ఎండోస్కోపీ చేయించాం. అన్నవాహిక కింది భాగంలో గడ్డ, గొట్టం దాన్ని దాటి లోపలికి పోలేదు. అప్పటికి కాలేయానికి పాకింది. దారి తెరిచి ఉంచే చిన్న గొట్టం, స్టెంట్, వేశాక కొన్నాళ్లు మెత్తటి ఆహారం తినగలిగారు. ఏడాది తిరగకుండానే పోయారు.

పేగుల కింది భాగం కథ ఇంకా బాధాకరం, ఎందుకంటే అక్కడ ఖరీదైన యంత్రం లేకుండానే చాలా తెలుసుకోవచ్చు. మలంలో రక్తం పడితే మనవాళ్లు మొలలు అనుకుంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ మొలలున్న మనిషికి క్యాన్సర్ రాకూడదన్న నియమమేమీ లేదు. మన దేశంలో పెద్దపేగు క్యాన్సర్లలో పురీషనాళంలో వచ్చేవాటి వాటా చెప్పుకోదగినంత ఉంటుంది, అవి పాశ్చాత్య దేశాలతో పోలిస్తే చిన్న వయసువారిలో కనిపిస్తున్నాయి. పురీషనాళం కింది భాగంలోని గడ్డ వైద్యుడి చూపుడువేలికి తగులుతుంది. ఒక గ్లౌజు, కాస్త జెల్, ఒక తెర, ఒక నిమిషం చాలు. ఆ ఒక్క పని జరగకుండా మొలల మందులు, పొడులు, "ఆపరేషన్ లేకుండా నయం" అనే బోర్డులున్న చోట ఇంజెక్షన్లు, నాటుమందులు, ఇవన్నీ అయిపోయాక పేగు మూసుకుపోయి అత్యవసరంగా వచ్చినవారిని చూశాను. ఆడవాళ్లయితే ఈ బాధను భర్తకు చెప్పడానికే వెనకాడతారు. ధైర్యం చేసి వెళ్లినా, కిక్కిరిసిన ఓపీ గదిలో బల్ల చుట్టూ పదిమంది నిలబడి ఉండగా వైద్యుడు పరీక్షిస్తానని అనడు, ఆమె చేయించుకుంటాననీ అనదు. తెర లేకపోవడం కూడా మరణానికి కారణమవుతుందని ఏ నివేదికలోనూ ఉండదు.

రక్తహీనత గురించి చెప్పకపోతే ఈ విషయం సగమే అవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమందికి ఉన్నప్పుడు అది ఎవరినీ ఆలోచింపజేయదు, ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి పంపిస్తారు. కానీ ముట్లుడిగిపోయిన స్త్రీకి గానీ, నడివయసు దాటిన మగవాడికి గానీ ఐరన్ తక్కువై రక్తం పడిపోతే, ఆ రక్తం ఎక్కడికి పోతోందని అడగాలి. ఎక్కువగా అది జీర్ణాశయం నుంచో పేగు నుంచో చుక్కచుక్కగా పోతూ ఉంటుంది. లోపల రక్తం కారితే మలం నల్లగా రావచ్చు, ఐరన్ మాత్ర వేసుకున్నా మలం నల్లగానే వస్తుంది. అంటే మనం ఇచ్చిన మందే మనకు తెలియవలసిన గుర్తును కప్పేస్తుంది. అందుకే మాత్ర ఇచ్చే ముందే మలం రంగు గురించి అడగాలని నేను కొత్తగా చేరిన నర్సులకు చెప్పేదాన్ని.

పచ్చకామెర్లకు పసరు పోయించడం మరో కథ. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, పసరుకు పేరు అలా వచ్చింది. నొప్పి లేకుండా, దురదతో, రోజురోజుకూ ముదిరే కామెర్లు అరవై ఏళ్ల మనిషికి వస్తే అది పిత్తనాళం మూసుకుపోవడం వల్ల కావచ్చు, అక్కడ క్లోమం తలభాగంలో గడ్డ ఉండవచ్చు. క్లోమ క్యాన్సర్లో ఆపరేషన్‌కు వీలుండే కాలం చాలా చిన్నది. ఉప్పూ నూనే మానేసి పత్యం చేస్తూ కూర్చుంటే ఆ కాలం కాస్తా కరిగిపోతుంది.

ఇంత జరుగుతుంటే ఆర్ఎంపీలను తిట్టడం సులువు. నేను తిట్టను. రాత్రి పదింటికి పల్లెలో తలుపు తడితే లేచి వచ్చే మనిషి ఆయనే. రోగి మాట ఆసాంతం వినేదీ ఆయనే. అప్పు పెట్టి మందు ఇచ్చేదీ ఆయనే. ఆయన చేతిలో లేనిది, ఏ మాట వింటే ఇక తను ఆగిపోవాలో చెప్పే నియమం, ఆగిపోయి పంపితే రోగిని వెంటనే చూసే చోటు. చదువుకున్న వైద్యులు సైతం అదే ఒత్తిడిలో ఉన్నారు. గంటకు ముప్పై మందిని చూసే గదిలో గ్యాస్ మాత్ర రాయడానికి అర నిమిషం పడుతుంది, బరువు చూసి, పొట్ట నొక్కి, కారణం వివరించి, ఎండోస్కోపీకి ఒప్పించడానికి పది నిమిషాలు పడుతుంది.

డబ్బు కూడా అదే వైపు తోస్తుంది. బయట ఎండోస్కోపీకి రెండు మూడు వేలవుతుంది. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. అంటే వారం పది రోజుల కష్టం, దానికితోడు బస్సు చార్జీలు, వెంట వచ్చినవారి కూలి నష్టం. మాత్రల అట్ట వంద రూపాయల లోపే దొరుకుతుంది కాబట్టి ప్రతిసారీ రోగి చౌకైనదాన్ని ఎంచుకుంటాడు, ఆ క్షణంలో అది తెలివైన ఎంపికే. ఏడాదికి కలిపి చూస్తే పరీక్ష ఖర్చు కన్నా మందుల ఖర్చే ఎక్కువైందని ఆనక తెలుస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం వేలాది కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది, దాని విలువ నాకు కళ్లారా తెలుసు. అయితే ఆ పథకం బలమంతా ఆపరేషన్‌లో, కీమోలో, రేడియేషన్‌లో ఉంది. జబ్బుకు పేరు పెట్టకముందు రోగి తిరిగే తిరుగుడు ఖర్చు నేను చూసినంతవరకు జేబులోంచే పోతుంది. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో నాట్కో మందుల కంపెనీ సహాయంతో క్యాన్సర్ కేంద్రం వచ్చింది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, హైదరాబాద్ వెళ్లక తప్పదన్న రోజులు చాలావరకు పోయాయి. చికిత్స చేసే చోట్లు దగ్గరయ్యాయి గానీ, అక్కడికి చేరాలని రోగికి చెప్పే మొదటి మెట్టు ఎక్కడ ఉండాలో అక్కడ ఇంకా ఖాళీగానే ఉంది.

జబ్బు పేరు తెలిశాక కూడా కాలం పోతుంది. గడ్డ నుంచి తీసిన ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టుకు వారం, సీటీ స్కాన్‌కు మరికొన్ని రోజులు, పథకం అనుమతికి కొన్ని రోజులు, బంధువులంతా కూర్చుని మాట్లాడుకోవడానికి ఇంకొన్ని రోజులు. "ముక్క తీస్తే పాకుతుంది, కత్తి పడితే రాజుకుంటుంది" అనే భయం ఇప్పటికీ బలంగా ఉంది. అది నిజం కాదు, ముక్క తీయకుండా చాలావరకు చికిత్స మొదలుపెట్టలేరు. పురీషనాళం ఆపరేషన్ తరువాత పొట్టకు సంచి పెట్టవలసి వస్తుందని విని ఇంటికి వెళ్లిపోయి, నెలల తరువాత ఆపరేషన్‌కు వీల్లేని స్థితిలో తిరిగి వచ్చినవారున్నారు. ఇక రోగికి చెప్పవద్దని బంధువులు కోరడం మన ఇళ్లలో ప్రేమకు గుర్తు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ తనకు అల్సర్ మాత్రమే ఉందనుకునే మనిషి ఊరికి దూరంగా వారాల తరబడి రేడియేషన్‌కు ఎందుకు వస్తాడు? 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక విశ్లేషణ, క్యాన్సర్ ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైన ప్రతిసారీ మరణ ప్రమాదం 6 నుంచి 8 శాతం పెరుగుతుందని చూపింది. కడుపు క్యాన్సర్ రోగి ఆ నాలుగు వారాలూ తినలేక చిక్కిపోతూ ఉంటాడు, కాబట్టి ఆపరేషన్‌ను తట్టుకునే శక్తి కూడా దానితోపాటే తగ్గిపోతుంది.

దీని ఫలితం ఎంత దూరం పోతుందో 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చెబుతుంది. 82 దేశాల్లో రొమ్ము, జీర్ణాశయ, పెద్దపేగు క్యాన్సర్లకు ఆపరేషన్ చేయించుకున్న 15,958 మందిని పరిశీలిస్తే, పేద దేశాల రోగులు ముదిరిన దశలో ఆపరేషన్‌కు వచ్చారు, ఆపరేషన్ తరువాత నెల రోజుల్లో చనిపోయే అవకాశం జీర్ణాశయ, పెద్దపేగు క్యాన్సర్లలో సంపన్న దేశాల కన్నా మూడు రెట్లకు పైగా ఎక్కువ. ఆపరేషన్ తరువాత తీవ్రమైన ఇబ్బంది వచ్చినప్పుడు దాన్ని సకాలంలో గుర్తించి బతికించే ఏర్పాట్లు తక్కువగా ఉండటం అందులో పెద్ద కారణం. సర్జన్ చేతిలో నేర్పు ఒక్కటే సరిపోదు, రాత్రి రెండింటికి రోగి నాడి చూసే నర్సూ, సిద్ధంగా ఉన్న ఐసీయూ మంచమూ కావాలి.

దక్షిణ కొరియాను చూసి మనమూ నలభై దాటిన అందరికీ రెండేళ్లకోసారి ఎండోస్కోపీ చేయాలని కొందరంటారు. అక్కడ 2010-14 మధ్య జీర్ణాశయ క్యాన్సర్ తేలినవారిలో 68.9 శాతం అయిదేళ్లు బతికారు, ప్రపంచంలో అదే అత్యధికం. నేను కోరేది అది కాదు. కొరియాలో ఈ క్యాన్సర్ మనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి అందరినీ పరీక్షించడం వాళ్లకు గిట్టుబాటవుతుంది. మన దగ్గర ఉన్న కొద్దిపాటి ఎండోస్కోపులను బాధ లేనివారి మీద ఖర్చుచేస్తే బాధ ఉన్నవాడి వరుస ఇంకా పొడవవుతుంది. అలాగే గ్యాస్ ఉన్న ప్రతివారికీ గొట్టం దించనక్కర్లేదు, వాళ్లలో అత్యధికులకు క్యాన్సర్ ఉండదు. ముద్ద పట్టేయడం, కోరుకోకుండా బరువు తగ్గడం, రక్తపు వాంతి లేదా నల్లటి మలం, కారణం తెలియని రక్తహీనత, తగ్గని వాంతులు, పొట్టలో చేతికి తగిలే గడ్డ, నడివయసు దాటాక కొత్తగా మొదలై మందుకు లొంగని మంట, మలవిసర్జన అలవాటు మారి వారాల తరబడి అలాగే ఉండటం. ఇవి ఉన్నవారిని వేరుచేసి ముందుకు పంపడానికి వైద్య పట్టా కూడా అక్కర్లేదు. ఆశా కార్యకర్త అడగగలదు, మందుల షాపులో కుర్రవాడు అడగగలడు, ఆర్ఎంపీ అడగగలడు.

అలా పంపితే చూసే చోటు ఉండాలి కదా. తెనాలి, నరసరావుపేట, నూజివీడు వంటి చోట్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికి రెండు రోజులైనా ఎండోస్కోపీ నడవాలి. చీటీతో వచ్చిన రోగికి ఆ రోజే చేసేలా కొన్ని స్థానాలు విడిగా ఉంచాలి. పరగడుపున రావాలన్న సంగతి పంపేటప్పుడే చెప్పాలి, ఎందుకంటే తిని వచ్చి వెనక్కి వెళ్లిన రోగుల్లో కొందరు మళ్లీ రారు. పరీక్ష ఖర్చును, ఫలితం ఏదైనా సరే, పథకమే భరించాలి. క్యాన్సర్ లేదని తేలిన పరీక్షను వృథా ఖర్చుగా లెక్కగట్టినంతకాలం క్యాన్సర్ ఉన్నవాడు సమయానికి దొరకడు. ముక్క తీసిన రోజే రోగి ఫోన్ నంబరుతోపాటు ఇంట్లో మరొకరి నంబరు రాసుకోవాలి, రిపోర్టు వచ్చాక ఆసుపత్రే ఫోన్ చేయాలి. ఓపీ గదుల్లో తెరలు కట్టాలి, గ్లౌజులు అందుబాటులో ఉంచాలి, రక్తం పడుతోందన్న ప్రతి రోగికీ వేలితో పరీక్ష చేశారా లేదా అన్నది కేసు షీటులో రాయాలి. వీటిలో ఏదీ కొత్త ఆసుపత్రి కట్టినంత ఖర్చు కాదు.

ఈలోగా మన ఇళ్లలో చేయగలిగింది కూడా ఉంది. ఎవరికైనా గ్యాస్ మాత్ర రాసినప్పుడు, ఎన్నాళ్లు వాడాలి, తగ్గకపోతే ఏ పరీక్ష చేస్తారు అని అక్కడే అడగండి. మంచి వైద్యుడు నొచ్చుకోడు. పంటలు అమ్ముకునే రోజుల్లో కాటా మీద నిలబడే అవకాశం మిర్చి యార్డు నుంచి రైస్ మిల్లు దాకా అందరికీ ఉంటుంది, నడివయసు దాటినవారు తమ బరువు చూసుకుని తేదీతో రాసుకోవడం మంచిది, "చిక్కినట్టున్నావు" అనే మాట కన్నా ఆ అంకె వైద్యుడిని తొందరగా కదిలిస్తుంది. ఎండోస్కోపీకి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన మాత్రల అట్టలన్నీ, ఖాళీవి కూడా, సంచిలో వేసుకెళ్లి చూపించండి. పరీక్షకు ముందు గ్యాస్ మాత్ర ఆపాలా, ఆపితే ఎన్నాళ్లు ఆపాలి అన్నది అడిగి తెలుసుకోండి. ముద్ద దిగనివారు, రక్తం పడుతున్నవారు మాత్రం ఆ లెక్కల కోసం కూడా ఆగకుండా ముందు పరీక్షకు రోజు ఖాయం చేసుకోవాలి.